అప్ప చెక్కు బ్యాంకులో వేసిన రోజు

మా అప్ప పేరున చెక్కు వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దొర మోసం చేశాడని తేల్చేశాం. కాగితం బాగానే ఉంది. నీలం అచ్చు, పైన ఓడ బొమ్మ, కింద వానపాము మెలికల్లా దొర సంతకం. కానీ ఎడమ మూలన ఏటవాలుగా రెండు గీతలు కొట్టి ఉన్నాయి. మాకు తెలిసినంతలో గీత కొట్టడమంటే కొట్టివేయడమే. రేవులో బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా తప్పు రాస్తే అలాగే కొట్టేవాడు. రెండో తరగతిలో నేను బడి మానేసే ముందు పంతులుగారు నా పలక మీద కొట్టినవీ అలాంటి గీతలే.

"ఒకటి సాలక రెండు కొట్నాడు," అన్నాడు చిన్నబావ. "మళ్ళీ బతక్కుండా."

మా వైపు అక్కను అప్పంటాం, పెద్దబావ ఆమె పెనిమిటి. చిన్నబావ అతని తమ్ముడు. మేం ముగ్గురం ఒకే మేస్త్రీ కింద రంగూన్ రేవులో ఓడలకు బియ్యం బస్తాలు ఎక్కించేవాళ్ళం. ఒకరోజు క్రేను కొక్కెం నుంచి జారిన బస్తాల మోపు, ఓడ అడుగున నిలబడి ఉన్న పెద్దబావ మీద పడింది. అంతకు మించి చెప్పను. ఆ పూట నేను అక్కడే ఉన్నాను.

ఇలాంటప్పుడు కంపెనీవాళ్ళు దయ తలిచి ఏమైనా ఇస్తే అది మేస్త్రీ చేతి మీదుగా రావడం ఆనవాయితీ. ఆ చేతికి కాస్త జిగురుండేది. పైనుంచి వచ్చినదంతా కిందికి దిగేది కాదు. కొత్తగా వచ్చిన కుర్ర దొర ఒకడు ఈ సంగతి ఎలాగో పసిగట్టి, రొక్కం వద్దని చెక్కు రాసి, అప్పను ఆఫీసుకు పిలిపించి ఆమె చేతిలోనే పెట్టాడు. మేస్త్రీ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అంతవరకు మాకు పండగే.

అప్పకు ఆ డబ్బుతో పని ఉంది. పజుండౌంగ్‌లో మేం ఉండే వీధిలో పూటకూళ్ళ ఇల్లు నడిపే ముసలమ్మ ఊరికి వెళ్ళిపోతోంది. పొయ్యిలు, గుండిగలు, అద్దె ఇల్లు, రోజూ తినే మనుషులు, అన్నీ కలిపి ఎవరికైనా అప్పగించి స్టీమరు ఎక్కుతానంది. అప్ప ఆమె దగ్గరే వంట చేసేది. స్టీమరు బయలుదేరేలోగా డబ్బు ఇస్తే ఇల్లు అప్పది. లేకపోతే, లత అనే పేట నుంచి వచ్చి గుండిగలన్నీ తట్టి చూసుకుని వెళ్ళిన మొగుడూ పెళ్ళాలది. అప్పుడు అప్ప వాళ్ళ పొయ్యి ముందు కూలికి కూచోవాలి. అదీ కుదరకపోతే, మగదిక్కు పోయిన ఆడదాన్ని ఎక్కడ పనికి పెట్టాలో మేస్త్రీ చెబుతాడు. అది తప్పించడానికి ఆమెకున్నది ఆ కాగితం ఒక్కటే. దాని మీదేమో రెండు గీతలు.

దొరను తిట్టే ముందు తెలిసినవాళ్ళను అడగడం మంచిదని, మర్నాడు పని ఎగ్గొట్టి నేనే బ్యాంకుకు వెళ్ళాను. చెక్కు ఇంట్లోనే ఉంచాను. అంత లావు స్తంభాలను నేను అప్పటిదాకా వీధిలోంచే చూశాను. దర్వాను నా కాళ్ళ వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను. ఇద్దరికీ అవి నచ్చలేదు. అయినా లోపలికి పోనిచ్చాడు. ఇత్తడి కమ్మీల వెనక గోదావరి వైపు గుమాస్తా ఒకాయన కూచుని ఎవరితోనో తెలుగులో మాట్లాడుతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మా అప్పకి దొర కొట్టీసిన సెక్కు ఇచ్చినాడు బాబూ," అన్నాను. "ఏటవాలుగా రెండు గీతలెట్టి మరీ కొట్టీసినాడు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికని తరవాత అర్థమైంది.

"కొట్టెయ్యలేదయ్యా, కాపలా పెట్టాడు. ఆ గీతలుంటే కాగితం ఎవరు తెచ్చినా చేతికి డబ్బివ్వం. ఖాతాలో వెయ్యాల్సిందే."

"ఎవల ఖాతాలో?"

"చెక్కు మీద ఎవరి పేరుంటే వాళ్ళ ఖాతాలో."

"మా అప్పకి ఖాతా నేదు బాబూ."

"అయితే తెరవండి."

"అంటే దొర ఆ సొమ్ముని దొంగలకి దొరక్కుండా సేసినాడు, మా అప్పకీ దొరక్కుండా సేసినాడు."

ఈసారి ఆయన నవ్వేశాడు. ఒకసారి నవ్వినవాణ్ణి నేను వదలను. కమ్మీలు పట్టుకుని నిలబడి అన్నీ అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. చెక్కు వెనక వేలిముద్ర బయట ఎక్కడా వెయ్యకూడదట, బ్యాంకులో గుమాస్తా చూస్తుండగానే వెయ్యాలట. ముందే ముద్ర పడిన కాగితం ఎవరి చేతికి చిక్కితే వాళ్ళు, ఆమే తమకు రాసిచ్చేసిందని చెప్పి తమ ఖాతాలో వేసుకోవచ్చు. 'నా ఖాతాలో వేసి తరవాత తీసిస్తాను' అని ఎవరన్నా సరే, తోడబుట్టినవాడన్నా సరే, వద్దనాలి. చెక్కు లోపలికి తీసుకున్నాక ముద్ర కొట్టిన చీటీ ఇస్తారు, అది చేతికి వచ్చేదాకా కదలకూడదు. పైన ఓడ బొమ్మ ఉందంటే అది వేరే బ్యాంకు మీది చెక్కట, డబ్బు అక్కణ్ణుంచి రావడానికి రోజులు పడుతుంది, కాబట్టి స్టీమరు పొగ కనిపించేదాకా ఆగకూడదు. ఇక ఖాతా తెరవడానికి, ఇప్పటికే ఖాతా ఉన్న మనిషి ఒకరు తోడొచ్చి ఈమె ఫలానా అని సంతకం పెట్టాలి. ఆమె తన పేరు, పెనిమిటి పేరు నోటితో చెప్పాలి.

"పెనిమిటి పేరు సెప్పదు బాబూ," అన్నాను.

"పోయినాయనే కదా?"

"పోయినా పెనిమిటే గదా."

మా ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. అప్ప ఆ పట్టింపులో మరీ గట్టిది. పెద్దబావ పేరులో సగం ఒక దేవుడి పేరు. అందుకని ఆ దేవుణ్ణి కూడా ఇంకో పేరుతోనే పిలిచి దణ్ణం పెట్టుకునేది. ఆ దేవుడికి పేర్లకు కొదవ లేదు గనక ఇబ్బంది పడలేదు. బ్యాంకు ఒప్పుకుంటుందా అన్నదే అనుమానం.

"మీవాళ్ళను చాలామందిని చూశాన్లే," అన్నాడు గుమాస్తా. "సంతకానికి అత్తింటివాణ్ణి తీసుకురా. పేరు చెప్పడానికి పుట్టింటివాడివి నువ్వు రా. ఒకళ్ళ మీద ఒకళ్ళు కన్నేసి ఉంటారు. ఇది బ్యాంకు రూలు కాదు, నా రూలు."

అత్తింటివైపు ఖాతా ఉన్నవాడు చిన్నబావ ఒక్కడే. అతను జాగ్రత్తపరుడు. పాసుపుస్తకం గుడ్డలో చుట్టి తలకింద పెట్టుకుని పడుకునేవాడు. "అలా పొదిగితే పిల్లలెడతాదేటి బావా," అని నేను ఏడిపించేవాణ్ణి. "ఎట్టినాక నీకూ ఒకటిస్తాన్లే," అనేవాడు. అడగగానే సంతకానికి ఒప్పుకున్నాడు. సోమవారం ముగ్గురం కలిసి వెళ్ళడానికి మాట అనుకున్నాం.

ఈలోగా అప్పకు నేర్పడం నా వంతయింది. ఆమె అన్నం వడ్డిస్తుంటే నేను పీట మీద కూచుని పరీక్ష పెట్టేవాణ్ణి.

"ఆ సెక్కు ఇలాగియ్యమ్మా. ఎనకాల ఏలిముద్దర ఎయ్యి సాలు, నాను పట్టుకెల్తాను."

"ఎయ్యను."

"నాను నీ తమ్ముణ్ణి గదమ్మా."

"తమ్ముడివైతే మరీ ఎయ్యను."

"పాసైపోనావు. ఇంకో గరిట చారెయ్యి."

పేరు సంగతి వచ్చేసరికి మాత్రం ఆమె తల వంచుకునేది. "అది నివ్వే సెప్పాలరా. నా నోరు పెగల్దు. ఆయనకీ నీ నోరంటే ఇష్టం," అనేది. నేను పైకి ఏదో వేళాకోళం ఆడానేమో గాని లోపల పొంగిపోయాను. బావ పేరు బ్యాంకులో చెప్పే పని నాదని, ఉతికిన చొక్కా ఒకటి విడిగా మడిచి పెట్టుకున్నాను.

ఇక్కడ బావా బావమరుదుల పరాచికాల గురించి ఒక మాట చెప్పాలి. బావతో ఆడిన మాటకు మా వైపు సాక్ష్యం లేదు, శిక్ష లేదు. నిన్ను రేవులో తోసేసి నీ పంచె నేను కట్టుకుంటానని ఒకడంటాడు. పంచె తరవాత, ముందు నీ చుట్ట ఇటివ్వమని ఇంకొకడంటాడు. మాట ఎంత అన్యాయమైతే చుట్టరికం అంత గట్టిదన్నమాట. అది మాత్రం మూడో చెవిన పడకూడదు. పడిందా, అప్పుడది పరాచికం కాదు, చాడీ. ఇది ఒకరు నేర్పేది కాదు. పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు.

ఆ శనివారం మధ్యాహ్నం చిన్నబావా నేనూ బస్తాల నీడన కూచుని సద్ది తింటున్నాం.

"మా అప్ప సొమ్ము రాగానే మనిద్దరం మాండలే రైలెక్కీవాల బావా," అన్నాను. "మా అప్పకి పాసుపుస్తకం అట్ట మిగల్చాల."

"అట్ట మాత్రం ఎందుకు, అదీ అమ్మీ," అన్నాడు చిన్నబావ.

"నాను ముందు పన్నుకి బంగారం కట్టించుకుంటాను. నాను నవ్వితే దొర సలాం కొట్టాల."

"ఒక పట్టు లుంగీ. బరమా పెద్దమనుషులు కడతారే, ఆ గులాబీ రంగుది." ఇది అతనన్నాడు.

"నీకా, నాకా?"

"నాకే. నీ మొకానికి గులాబీ నప్పదు. ఇంకో గుర్రం బండి. పని మానీసి ఊరంతా తిరగాల." ఇదీ అతనే.

"మరి ముసలమ్మ గుండిగలేటి సేద్దాం?"

"పెద్ద గుండిగలో మీ అప్పని కూకోబెట్టి ముసలమ్మతోటే స్టీమరెక్కించీడమే."

మెతుకు గొంతుకు అడ్డం పడేదాకా నవ్వుకున్నాం. అతను నా వీపు మీద చరిచి నీళ్ళిచ్చాడు. పెద్దబావ పోయాక నేను అంతగా నవ్వింది అదే మొదలు. నవ్వు ఆగాక ఇద్దరం నది వైపు చూశాం. ఇద్దరికీ ఆయనే గుర్తొచ్చాడని నేననుకున్నాను. చిన్నబావకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలియదు.

సోమవారం చొక్కా తొడుక్కుని పూటకూళ్ళ ఇంటికి వెళ్ళేసరికి పొయ్యి దగ్గర ముసలమ్మ ఒక్కతే ఉంది.

"మీ అప్ప ఎలిపోనాది గదరా," అంది. "పొద్దున్నే మరిదితోటి రిక్షా ఎక్కినాది. బ్యాంకికంట. నీకు సెప్పనేదేటి?"

"సెప్పినాది, నానే మర్సిపోనాను," అన్నాను. ముసలమ్మ ముందు పరువు పోకూడదని నోరు దానంతటదే ఆ మాట అనేసింది.

వీధిలోకి వచ్చి ట్రాము ఆగే చోటుకి నడిచాను. కబురు పంపి ఉంటారు, నాకు అంది ఉండదు అనుకున్నాను. తరవాత గుమాస్తా రూలు గుర్తొచ్చింది. ఒకళ్ళ మీద ఒకళ్ళు కన్నేసి ఉండాలన్నాడు. ఇప్పుడు అప్ప పక్కన ఒక్కడే ఉన్నాడు, చేతిలో చెక్కు ఉంది, చేతికి బొటనవేలుంది. ట్రాము కోసం నిలబడితే ఆలస్యమవుతుందని పరుగెత్తాను. ట్రాము గంట కొట్టుకుంటూ నన్ను దాటిపోయింది. బ్యాంకు మెట్లెక్కేసరికి నా ఉతికిన చొక్కా మళ్ళీ ఉతకాల్సి వచ్చేలా తయారైంది. దర్వాను ఈసారి నా కాళ్ళను చూడలేదు, మొహం చూసి తప్పుకున్నాడు.

లోపల అప్ప తల మీద కొంగు కప్పుకుని కమ్మీల ముందు నిలబడి ఉంది. పక్కన చిన్నబావ. అప్పటికే సంతకం పెట్టినట్టున్నాడు, కలం కింద పెడుతున్నాడు. గోదావరి గుమాస్తా తలెత్తి, "పెనిమిటి పేరు? ఈయన చెబుతాడా?" అని అడిగాడు.

చిన్నబావ గొంతు సవరించుకున్నాడు.

అప్ప అతనికి చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టి, తనే చెప్పింది. ఇంటిపేరుతో సహా, పెద్ద గొంతుతో కాదు గాని ఎక్కడా తడబడకుండా. నేను స్తంభం దగ్గరే ఆగిపోయాను. పెద్దబావ పేరు ఆమె గొంతులో ఎలా ఉంటుందో ఆ రోజుదాకా ఎవరికీ తెలియదు. పెద్దబావకూ తెలియదు.

గుమాస్తా రాసుకున్నాడు. చెక్కు తిప్పి, ఆమె వేలు పట్టి వెనక ముద్ర వేయించాడు. చీటీ ఇచ్చాడు. అప్ప కదలలేదు. చీటీని వెలుగుకు ఎత్తి పట్టి, ముద్ర పడిందో లేదో చూసుకుంది. నేను నేర్పినట్టే అన్నీ చేసింది. పిలుద్దామని నోరు తెరిచేలోగా ఆమే ఇటు తిరిగింది.

చటుక్కున చీటీని కొంగులో దాచేసింది.

ఎవరిని చూసి దాచిందా అని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు.

బయట మెట్ల మీద ముగ్గురం నిలబడ్డాం.

"మాండలే ఎల్తావంట గదరా," అంది అప్ప. కోపం లేదు. వంకాయల ధర అడిగినట్టు అడిగింది.

"ఎవలు సెప్పినారు?"

"బంగారు పన్నంట. గులాబీ పట్టు లుంగీయంట. గుర్రం బండంట. నన్ను గుండిగలో కూకోబెట్టి స్టీమరెక్కించీస్తావంట."

నేను చిన్నబావ వైపు చూశాను. అతను వీధిలో పోతున్న ఎడ్లబండిని, ఎడ్లను ఎన్నడూ ఎరగనివాడిలా చూస్తున్నాడు.

"బావా, లుంగీ ఎవలిది?"

అతను ఎడ్ల కొమ్ములు లెక్కపెట్టుకున్నాడు.

"గుండిగ ఎవలిది బావా?"

"పరాచికాలకి వాటాలేటి," అన్నాడు, ఎడ్లతో. "వదిన మంచికే సెప్పినాను. సొమ్ము ఇసయం గదా."

నేనన్న బంగారు పన్ను ఒక్కటే పట్టుకెళ్ళి చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు. తన లుంగీ, తన బండి, తన గుండిగ కూడా నా మూటలోనే కట్టి మోసుకెళ్ళి అప్ప ముందు దింపాడు. బస్తాలు మోసి అలవాటైన భుజం కదా.

"ఒక్క మాట నన్నడగొచ్చు గదప్పా," అన్నాను.

అప్ప కొంగు బిగించి దోపుకుంది. "ఎవల్ని అడగాలరా? అన్న సొమ్మే గదా, నా ఖాతాలో ఎయ్యి వదినా, నాను తీసిస్తానని ఈడు దారంతా సెప్పినాడు. నివ్వేమో మాండలే అన్నావని ఇన్నాను. తోడబుట్టినోడైనా నమ్మొద్దని నివ్వే గదా నేర్పినావు. అలాగే సేసినాను. ఎవల ఖాతాలోనూ ఎయ్యనేదు, నా ఖాతాలో ఏసుకున్నాను. ఎవల్నీ పేరు సెప్పనియ్యనేదు, నానే సెప్పుకున్నాను."

చిన్నబావ ఎడ్లను చూడడం కూడా మానేశాడు. నన్ను పక్కకు తప్పిస్తే వదిన కాగితం తన పాసుపుస్తకంలోకి నడిచొస్తుందని అతని ఎత్తు. అది నడిచి రాలేదు. నన్ను తప్పించడం మాత్రం జరిగిపోయింది.

"ఎసరెట్టి వొచ్చినాను," అని అప్ప మెట్లు దిగి రిక్షా పిలుచుకుని ఒక్కతే వెళ్ళిపోయింది. వెళ్తూ మా ఇద్దరిలో ఎవరినీ రమ్మనలేదు. కొట్టడానికి చిన్నబావ చేతికందేంత దగ్గరలోనే ఉన్నాడు. కొడితే దాన్ని కూడా పరాచికమే అంటాడని భయమేసింది.

"కోపమొచ్చిందేటి బావా?" అన్నాడు.

"నేదు," అన్నాను. బావకు ఒక్క మాటతో సరిపెట్టడం నాకు కొత్త. అతనికీ కొత్తే అనుకుంటాను, ఇంకో మాట కోసం ఎదురుచూసి వెళ్ళిపోయాడు.

డబ్బు అనుకున్న వేళకే వచ్చింది. ముసలమ్మ తన సొమ్ము కొంగున కట్టుకుని స్టీమరు ఎక్కింది. లత పేటవాళ్ళు వేరే ఇల్లు చూసుకున్నారు. మేస్త్రీ రెండుసార్లు వీధి చివరిదాకా వచ్చి, పొయ్యి రగులుతుండడం చూసి తిరిగిపోయాడట. గుండిగలన్నీ అప్పవైపోయాయి. ఇవన్నీ నేను పనిలో వినడమే గాని వెళ్ళి చూడలేదు. మొహింగా అమ్మే బర్మా ఆవిడ ముందు పీట వేసుకుని ఆ చేపల పులుసులో సేమ్యాలు జుర్రుకుంటూ పూట గడుపుకునేవాణ్ణి. చిన్నబావ మాత్రం వదిన చేతి అన్నం తిని వచ్చి, రేవులో నన్ను చూడగానే మాట విసిరేవాడు. నేను "అలాగా" అనేవాణ్ణి. మా వాళ్ళకు నా ఒంట్లో బాగాలేదని అనుమానం వచ్చింది. ఒకాయన కాలేయానికి కషాయం కూడా పట్టుకొచ్చాడు. పాపమని తాగాను.

చివరికి ఒక మధ్యాహ్నం, తినేవాళ్ళంతా లేచిపోయే వేళ చూసుకుని వెళ్ళాను. అప్ప నన్ను చూసి ఏమీ అనలేదు. పీట వేసింది, పళ్ళెం పెట్టింది, వంకాయ కూర నాకు ఇష్టమైనంత వేసింది. మునుపటి కంటే చిక్కింది, కానీ నడకలో ఇల్లు తనదన్న ధీమా ఉంది. సగం తిన్నాక అడిగాను.

"నివ్వు నిజంగా నమ్మినావేటప్పా?"

చారు పోస్తూ ఉన్న గరిట ఆగలేదు. "నమ్మనేదు," అంది.

"మరేటి?"

"ఆ కాగితం నా దగ్గర ఉన్నన్నాళ్ళూ నమ్మకుండా ఉండడానికి భయమేసినాదిరా."

నమ్మాను అంటుందని సిద్ధపడి వెళ్ళాను. అంటే పళ్ళెం తోసేసి లేవడానికి తగిన మాటలు దారిలో పోగేసుకున్నాను, వాటిలో రెండు మూడు చాలా బాగున్నాయి కూడా. అవేవీ పనికి రాలేదు. నన్ను దొంగనుకుని దూరం పెట్టి ఉంటే, కాదని ఏదో ఒక రోజు రుజువు చేసుకునేవాణ్ణి. కాదని తెలిసే దూరం పెట్టింది. దీనికి రుజువు ఏం చూపించాలి?

"ఇంకాస్త ఎయ్యనా?" అంది.

"సాలప్పా."

చెయ్యి కడుక్కున్నాను. మిగతావాళ్ళు పెట్టినట్టే పూట డబ్బులు తీసి పీట మీద పెట్టాను. వద్దంటుందేమోనని గుమ్మం దగ్గర చెప్పులు కాస్త నెమ్మదిగా తొడుక్కున్నాను. వెనక చిల్లర డబ్బాలో పడిన చప్పుడు వినిపించింది.